పూసపాటి విజయానంద గజపతి రాజు

పూసపాటి విజయానంద గజపతి రాజు (1905 డిసెంబరు 28 - 1965 డిసెంబరు 2) భారత క్రికెట్ జట్టుకు 1936లో ఇంగ్లాండు పర్యటనలో సారథ్యం వహించిన ఆటగాడు, క్రికెట్ పోషకుడు, క్రీడాపాలకుడు, రేడియో వ్యాఖ్యాత, పార్లమెంటు సభ్యుడు. విజయనగరం సంస్థానాధీశుని రెండవ కుమారుడు కావడం వలన ఇతనికి "మహారాజ్‌కుమార్" అనే వ్యవహారం ఏర్పడింది. క్రికెట్ ప్రపంచంలో "విజ్జీ" అనే పేరుతో ప్రసిద్ధుడు. ఆటను వృత్తిగా కాక తీరిక వేళల వ్యాపకంగా చేపట్టి, ఆ వ్యాపకానికే తన ధనాన్ని, కాలాన్ని, పలుకుబడిని వెచ్చించిన జమీందారీ కుటుంబీకులలో ఇతడు ముఖ్యుడు. పోషకునిగా ఇతడు చేసిన మేలునూ, సారథిగా చేసిన కీడునూ క్రికెట్ చరిత్రకారులు రెండింటినీ పేర్కొంటారు. తీరిక సమయాన్ని ఆటకు వెచ్చించడం ఎంతవరకు సార్థకమన్న చర్చకు ఇతని జీవితం తరచు ఉదాహరణగా నిలుస్తుంది.

నేపథ్యం

విజయానంద గజపతి రాజు పుట్టేనాటికి విజయనగరం, చోడవరం, అనకాపల్లి ప్రాంతాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. విజయనగరం 1979 జూన్ 1న ప్రత్యేక జిల్లాకు కేంద్రమైంది. చోడవరం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది.

ఆ రోజులలో జిల్లాలో ఆటపాటలకు రెండు రకాల ఆధారాలుండేవి. చెరకు, వరి పండే చోడవరం వంటి ప్రాంతాల పల్లెలలో ఆట అంటే చెడుగుడు, గూటీబిళ్ళ, గోళీలు, దొంగాట. వీటికి ఖర్చు లేదు. ఒక కర్ర, ఒక బిళ్ళ, కోతలైన పొలం, పని లేని ఒక సాయంత్రం ఉంటే సరిపోయేది. క్రికెట్ అలాంటిది కాదు. చదును చేసిన మైదానం, పిచ్, బ్యాట్లు, ప్యాడ్లు, తెల్లని దుస్తులు, అన్నింటికంటె మించి రోజుల తరబడి తీరిక కావాలి. అందువలన ఆ కాలంలో భారతదేశంలో క్రికెట్ చాలావరకు సైనిక కంటోన్మెంట్లలోను, నగరాల జింఖానాలలోను, కళాశాలలలోను, సంస్థానాలలోను మాత్రమే సాగింది. పేద, మధ్యతరగతి కుటుంబాల యువకుడు ఈ ఆటలో పైకి రావాలంటే ఎవరో ఒక పోషకుని అండ తప్పనిసరి అయ్యేది.

విజయనగరం సంస్థానానికి కళాపోషణలో పేరున్నది. కన్యాశుల్కం నాటక రచయిత గురజాడ అప్పారావు ఆనంద గజపతి రాజు ఆదరణలో ఉన్నవాడు. విజయానంద తండ్రి విజయరామ గజపతి రాజు 1919లో విజయనగరంలో సంగీత పాఠశాలను నెలకొల్పాడు. ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షుడు. సంస్థానపు సంపద సంగీతానికీ సాహిత్యానికీ వెచ్చించే కుటుంబంలో, ఆటకు వెచ్చించినవాడు విజయానంద.

బాల్యం, విద్య

విజయానంద గజపతి రాజు 1905 డిసెంబరు 28న జన్మించాడు. అజ్మీరులోని మేయో కళాశాలలోను, ఇంగ్లాండులోని హెయిలీబరీ పాఠశాలలోను చదువుకున్నాడు. రాజకుటుంబాల పిల్లలకోసం నెలకొల్పిన మేయో కళాశాలలోనూ, ఇంగ్లాండు పబ్లిక్ స్కూళ్ళలోనూ ఆటలు చదువులో భాగంగానే ఉండేవి. ఆట శీలాన్ని తీర్చిదిద్దుతుందని, నాయకత్వం నేర్పుతుందని ఆ విద్యాలయాల విశ్వాసం. విజయానంద అక్కడ క్రికెట్‌తో పాటు టెన్నిస్ కూడా ఆడాడు.

1922లో తండ్రి మరణించాడు. సంస్థానపు వారసత్వం అన్నగారైన అలక్ నారాయణ గజపతి రాజుకు సంక్రమించింది. విజయానంద కాశీ (బెనారస్)లోని కుటుంబపు ఆస్తులను చూసుకుంటూ అక్కడ స్థిరపడ్డాడు. కాశీపురం సంస్థానాధీశుని పెద్ద కుమార్తెను వివాహమాడాడు. పాలనాభారం లేకపోవడం, ఆదాయానికి కొరత లేకపోవడం వలన ఇతనికి చిన్నవయసులోనే అపరిమితమైన తీరిక లభించింది.

కాశీలో క్రికెట్

1926లో విజయానంద సొంత క్రికెట్ జట్టును ఏర్పాటు చేసి, కాశీలోని తన భవన ప్రాంగణంలో మైదానాన్ని నిర్మించాడు. దేశంలోని మంచి ఆటగాళ్ళను ఆహ్వానించి, వారి ప్రయాణ, భోజన, వసతి ఖర్చులను తానే భరించేవాడు. సికింద్రాబాదులో జరిగే మొయిన్-ఉద్-దౌలా గోల్డ్ కప్ పోటీలో ఇతని జట్లు పాల్గొన్నాయి. ఆ పోటీలో ఇతని "ఫ్రీలూటర్స్" జట్టు తరఫున వెస్టిండీస్ ఆటగాడు లియరీ కాన్‌స్టాంటైన్ కూడా ఆడాడు.

1930-31లో ఇంగ్లాండుకు చెందిన ఎం.సి.సి. జట్టు భారతదేశానికి రావలసి ఉండగా, శాసనోల్లంఘన ఉద్యమం కారణంగా ఆ పర్యటన రద్దయింది. అప్పుడు విజయానంద సొంత ఖర్చుతో ఒక జట్టును కూర్చి భారతదేశంలోను, సింహళంలోను (ఇప్పటి శ్రీలంక) పర్యటన జరిపించాడు. ఇంగ్లాండు ప్రారంభ బ్యాట్స్‌మన్ జంట జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను ఈ జట్టులో ఆడడానికి ఒప్పించడం ఇతని జీవితంలోని గొప్ప విజయాలలో ఒకటి. ప్రపంచంలోనే మేటి బ్యాట్స్‌మెన్ ఎలా ఆడతారో దగ్గర నుండి చూసే అవకాశం, వారి పక్కన నిలబడి ఆడే అవకాశం ఈ పర్యటన వలన భారతీయ యువకులకు దక్కింది. సి.కె.నాయుడు, ముస్తాక్ అలీ, డి.బి.దేవధర్ వంటివారు ఈ జట్టులో ఆడారు.

ఈ పర్యటన ఒక గణాంక వివాదానికి కూడా కారణమైంది. హాబ్స్ ఈ పర్యటనలో చేసిన రెండు శతకాలను కొందరు గణాంకకారులు ఫస్ట్‌క్లాస్ శతకాలుగా లెక్కిస్తారు, మరికొందరు లెక్కించరు. అందుకే హాబ్స్ మొత్తం ఫస్ట్‌క్లాస్ శతకాలు కొన్ని పుస్తకాలలో 197గాను, మరికొన్నింటిలో 199గాను కనిపిస్తాయి. ఒక జమీందారు కుమారుని కాలక్షేపంగా మొదలైన ఆటలు క్రికెట్ రికార్డు పుస్తకాలలో శాశ్వతంగా నిలిచిపోయాయి.

పదవుల కోసం పోటీ

ఆటను పోషించడంతో విజయానంద తృప్తి చెందలేదు. జట్టుకు నాయకత్వం వహించాలని, క్రికెట్ బోర్డులో ముఖ్యుడు కావాలని కోరుకున్నాడు. 1932లో భారతదేశం మొదటి టెస్టు ఆడడానికి ఇంగ్లాండు వెళ్ళినప్పుడు ఇతడిని ఉప నాయకుని తరువాతి స్థానానికి ఎంపిక చేశారు. అనారోగ్యం, ఆటతీరు బాగుండకపోవడం కారణాలుగా చూపి ఇతడు ఆ పర్యటన నుండి విరమించుకున్నాడు. ఆ పర్యటనకు పోరుబందరు మహారాజు నాయకుడైనప్పటికీ, మైదానంలో తనకంటె సమర్థుడైన సి.కె.నాయుడుకు టెస్టు సారథ్యాన్ని విడిచిపెట్టాడు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మొదలైన భారతదేశపు తొలి టెస్టుకు నాయుడే సారథి.

1933-34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టు భారతదేశంలో పర్యటించింది. ఆ పర్యటనలో ఆ జట్టు ఓడిపోయిన ఒకే ఒక్క మ్యాచి కాశీలో విజయానంద జట్టుతో ఆడినదే. ఆ మ్యాచిలో ఇతని జట్టు 14 పరుగుల తేడాతో గెలిచింది.

అదే కాలంలో వైస్రాయి విల్లింగ్‌డన్ మెప్పు పొందడానికి ఇతడు అనేక ప్రయత్నాలు చేశాడు. ఢిల్లీ మైదానంలో విల్లింగ్‌డన్ పేరుమీద పెవిలియన్ నిర్మాణానికి విరాళమిచ్చాడు. 1934లో జాతీయ పోటీని ప్రారంభించినప్పుడు, పటియాలా మహారాజు రంజిత్‌సింహ్‌జీ పేరుమీద ట్రోఫీని ప్రతిపాదించగా, విజయానంద దానికి పోటీగా విల్లింగ్‌డన్ పేరుమీద బంగారు ట్రోఫీని ముందుకు తెచ్చాడు. చివరకు రంజీ ట్రోఫీయే నిలిచింది.

1936 ఇంగ్లాండు పర్యటన

1936లో ఇంగ్లాండు వెళ్ళిన భారత జట్టుకు విజయానంద సారథిగా ఎన్నికయ్యాడు. పోరుబందరు మహారాజు వలె మైదానపు నాయకత్వాన్ని ఇతరులకు విడిచిపెట్టక మూడు టెస్టులలోనూ తానే సారథ్యం వహించాడు. ఇద్దరు సేవకులతో, 36 పెట్టెల సామానుతో ఇతడు ఈ పర్యటనకు బయలుదేరాడని క్రికెట్ చరిత్రకారులు వ్రాశారు.

జట్టులో సమర్థులకు కొరత లేదు. సి.కె.నాయుడు, విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ, లాలా అమర్‌నాథ్, మహమ్మద్ నిస్సార్, అమర్ సింగ్ వంటివారు ఉన్నారు. కాని జట్టు రెండు వర్గాలుగా చీలిపోయింది. సారథికి దగ్గరైనవారు ఒక వర్గం, నాయుడును అభిమానించేవారు మరొక వర్గం. బహుమతులతోను, జట్టులో స్థానాలతోను విజయానంద తన వర్గాన్ని పెంచుకున్నాడన్న ఆరోపణ ఉంది. ఓల్డ్ ట్రాఫోర్డ్ టెస్టులో మర్చంట్‌ను రనౌట్ చేయించమని ముస్తాక్ అలీకి సూచన అందిందన్న కథ కూడా ప్రచారంలో ఉంది. వాస్తవానికి ఆ ఇన్నింగ్సులో వారిద్దరూ కలిసి తొలి వికెట్టుకు 203 పరుగులు జోడించారు. మర్చంట్ 114 పరుగులు, ముస్తాక్ అలీ 112 పరుగులు చేశారు. ముస్తాక్ అలీది విదేశీ గడ్డమీద భారతీయుడు చేసిన తొలి టెస్టు శతకం.

ఈ పర్యటనలో అన్నింటికంటె పెద్ద వివాదం లాలా అమర్‌నాథ్‌ది. 1933 డిసెంబరులో బొంబాయిలో భారతదేశం తరఫున మొదటి టెస్టు శతకం చేసిన అమర్‌నాథ్, ఈ పర్యటనలో బ్యాటింగులోను బౌలింగులోను ముందు వరుసలో ఉన్నాడు. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ జట్టుతో జరిగిన మ్యాచిలో బ్యాటింగు వరుసలో తనను పదేపదే వెనుకకు నెట్టడంతో అతడు ఆగ్రహించాడు. క్రమశిక్షణ ఉల్లంఘించాడన్న ఆరోపణతో సారథి, మేనేజరు మేజర్ బ్రిటన్-జోన్స్ కలిసి అతడిని మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు.

భారత జట్టు మూడు టెస్టులలో లార్డ్స్, ఓవల్ టెస్టులను ఓడిపోయి, ఓల్డ్ ట్రాఫోర్డ్ టెస్టును డ్రాగా ముగించింది. మూడు టెస్టులలో విజయానంద మొత్తం 33 పరుగులు, సగటున 8.25 పరుగులు చేశాడు. ఇతని అత్యధిక స్కోరు 19 నాటౌట్. ఇతడు ఆడిన టెస్టులు ఈ మూడే.

ఇదే జట్టులో కోటా రామస్వామి కూడా ఉన్నాడు. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన రామస్వామి 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లో భారతదేశానికి ఆడాడు. 1936లో తన 40వ ఏట ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో మొదటి టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు. రెండు టెస్టులలో ఇతని సగటు 56 దాటింది. ఇతడి తండ్రి ఎం.బుచ్చిబాబు నాయుడు (1868-1908) దక్షిణ భారత క్రికెట్ పితామహునిగా పేరొందినవాడు.

విచారణ సంఘం

పర్యటన వైఫల్యంపై విచారణకు బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన క్రికెట్ బోర్డు ఒక సంఘాన్ని నియమించింది. 1937 జనవరిలో వెలువడిన నివేదిక విజయానంద సారథ్యాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆటగాళ్ళను మోహరించడం, బౌలర్లను మార్చడం ఇతనికి తెలియదని, ఇతడు తన వర్గానికే పరిమితమై జట్టు మొత్తంతో కలవలేదని ఆ సంఘం అభిప్రాయపడింది. అమర్‌నాథ్‌పై మోపిన తీవ్రమైన ఆరోపణలను చాలావరకు తోసిపుచ్చింది. తరువాత అమర్‌నాథ్ 1947లో స్వతంత్ర భారతదేశపు తొలి టెస్టు జట్టుకు సారథి అయ్యాడు. అయితే 1936లో అతడు కోల్పోయిన మూడు టెస్టులు తిరిగి రాలేదు. యుద్ధం వలన అతని యౌవనంలోని మరెన్నో సంవత్సరాలు కూడా టెస్టులు లేకుండానే గడిచిపోయాయి.

ఇతర వ్యాపకాలు

విజయానందకు వేట అంటే క్రికెట్‌తో సమానమైన మక్కువ. 300కు పైగా పులులను వేటాడినట్లు ఇతని గురించి వ్రాసినవారు పేర్కొన్నారు. ఆ కాలంలో పులివేట సంస్థానాధీశులకు, బ్రిటిష్ అధికారులకు గౌరవప్రదమైన వినోదం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత అది నేరం. ఒకే వ్యక్తి తీరిక వేళలను వెచ్చించిన రెండు వ్యాపకాలలో ఒకటి దేశమంతటికీ ఆటగా మిగలగా, రెండవది చట్టం నిషేధించిన పనిగా మారింది.

1937లో ఇతడు సంయుక్త రాష్ట్రాల (ఇప్పటి ఉత్తర ప్రదేశ్) మంత్రివర్గంలో కొద్దికాలం మంత్రిగా పనిచేశాడు. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన "సర్" బిరుదును 1947లో త్యజించాడు.

మలి జీవితం

1936 నాటి అపఖ్యాతి తరువాత విజయానంద కొంతకాలం క్రికెట్ వ్యవహారాలకు దూరంగా ఉన్నాడు. స్వాతంత్ర్యానంతరం క్రీడాపాలకునిగా తిరిగి వచ్చాడు. ఉత్తర ప్రదేశ్ క్రికెట్ సంఘానికి నాయకత్వం వహించాడు. 1954 నుండి 1956 వరకు భారత క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షునిగా పనిచేశాడు. 1958లో భారత ప్రభుత్వం ఇతనికి పద్మభూషణ్ పురస్కారాన్ని ప్రదానం చేసింది.

తనతో విభేదించిన సి.కె.నాయుడును ఇతడే ఉత్తర ప్రదేశ్ జట్టుకు ఆడడానికి ఆహ్వానించడం గమనించదగిన విషయం. మచిలీపట్నం మూలాలున్న తెలుగు కుటుంబంలో నాగపూరులో పుట్టిన నాయుడు, 1953-54లో ఆంధ్ర జట్టుకు ఆడాడు. 1956-57లో ఉత్తర ప్రదేశ్ తరఫున రంజీ ట్రోఫీ ఆడేనాటికి అతని వయసు 61 సంవత్సరాలు. 1936లో నాయుడు నాయకత్వానికి అడ్డు నిలిచిన వ్యక్తే, ఇరవై సంవత్సరాల తరువాత అతనికి మైదానంలో చోటు కల్పించాడు.

విజయానంద ఆకాశవాణిలో క్రికెట్ వ్యాఖ్యాతగా శ్రోతలకు సుపరిచితుడు. 1959లో భారత జట్టు ఇంగ్లాండులో పర్యటించినప్పుడు బి.బి.సి.లో అతిథి వ్యాఖ్యాతగా పాల్గొన్నాడు. టెలివిజన్ లేని ఆ కాలంలో మైదానానికి వెళ్ళలేని పల్లె, పట్టణ వాసులకు రేడియో వ్యాఖ్యానమే క్రికెట్. ఆట చుట్టూ ఉన్న కబుర్లను విస్తారంగా చెప్పే ఇతని ధోరణిని కొందరు ఇష్టపడగా, కొందరు విమర్శించారు.

1960లోను, 1962లోను విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అంతకుముందు 1957లో ఆ స్థానం నుండి ఇతని అన్న కుమారుడు పి.వి.జి.రాజు ఎన్నికైనాడు. ఆ విధంగా కాశీలో స్థిరపడిన విజయానందకు జీవితపు చివరి దశలో పుట్టిన జిల్లాతో సంబంధం మళ్ళీ బలపడింది.

అంచనా

తీరిక సమయాన్ని ఆటలకు వెచ్చించడం వృథా అన్న అభిప్రాయం, అది శరీరానికీ మనసుకూ అవసరమన్న అభిప్రాయం రెండూ తెలుగునాట చిరకాలంగా ఉన్నవే. విజయానంద జీవితాన్ని చూసినవారు దీనినుండి రెండు భిన్నమైన నిర్ణయాలకు వచ్చారు. ఒక ధనవంతుని కాలక్షేపం ఒక జాతీయ జట్టును చీల్చిందని, ఒక గొప్ప ఆటగాని అవకాశాలను హరించిందని విమర్శకులు చెబుతారు. ఆయనే లేకుంటే హాబ్స్, సట్‌క్లిఫ్‌ల ఆట భారతీయ యువకులకు దగ్గరయ్యేది కాదని, ఉత్తర ప్రదేశ్‌లో క్రికెట్ అంతగా వేళ్ళూనేది కాదని అభిమానులు చెబుతారు.

ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. ఇతని కృషిలో నిలిచినదంతా ఇతరులు ఆడుకోవడానికి చోటు కల్పించినదే. కాశీ మైదానం, 1930-31 పర్యటన, నాయుడుకు ఇచ్చిన ఆహ్వానం అటువంటివి. అపకీర్తి తెచ్చినదంతా ఇతరుల చోటును తాను ఆక్రమించినదే. 1936 సారథ్యం, అమర్‌నాథ్ బహిష్కరణ అటువంటివి. వినోదంగా ఆడినంతకాలం ఇతని పరుగులు ఎన్నన్నది ఎవరికీ సమస్య కాలేదు. ఆట హోదాకు సాధనమైన తరువాతనే అవి చర్చకు వచ్చాయి.

ఈ విషయంలో బుచ్చిబాబు నాయుడుతో పోలిక ఉపయోగకరం. బుచ్చిబాబు కూడా ధనవంతుడే, తీరిక ఉన్నవాడే. యూరోపియన్ల క్లబ్బులో భారతీయులకు ప్రవేశం లేని మద్రాసులో అతడు 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించి, యువకులకు ఆటసామగ్రి సమకూర్చి, ఆట నేర్పాడు. భారతీయులకు, యూరోపియన్లకు మధ్య ప్రెసిడెన్సీ మ్యాచిని ఏర్పాటు చేసి, అది జరగడానికి కొద్ది రోజుల ముందు 1908లో మరణించాడు. బుచ్చిబాబు పేరుమీద చెన్నైలో క్రికెట్ పోటీ నేటికీ జరుగుతున్నది. అతడు చేసిన పరుగులెన్నో చాలామందికి తెలియవు. అతడు తయారుచేసిన ఆటగాళ్ళే అతని కీర్తి.

మరణం, స్మృతి

విజయానంద గజపతి రాజు 1965 డిసెంబరు 2న కాశీలో, తన 59వ ఏట మరణించాడు. ఇతని స్మారకంగా విశ్వవిద్యాలయాల జోనల్ జట్ల మధ్య "విజ్జీ ట్రోఫీ" క్రికెట్ పోటీని నెలకొల్పారు. అనేకమంది భారత ఆటగాళ్ళు విద్యార్థి దశలో ఈ పోటీలో ఆడారు. విజయనగరంలోని విజ్జీ స్టేడియం కూడా ఇతని పేరు మీదనే ఉంది.

విశాఖపట్నంలో తొలి అంతర్జాతీయ వన్డే మ్యాచి ఇతని మరణానంతరం 23 సంవత్సరాలకు, 1988 డిసెంబరు 10న ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగింది. 2005 ఏప్రిల్ 5న నగర శివారులోని కొత్త స్టేడియంలో పాకిస్తాన్‌పై మహేంద్రసింగ్ ధోని 148 పరుగులు చేశాడు. 2016 నవంబరులో అక్కడ తొలి టెస్టు జరిగింది. ఈ మ్యాచిలు చూడడానికి చోడవరం, అనకాపల్లి, విజయనగరం ప్రాంతాల వారికి కాశీకో, కలకత్తాకో పోవలసిన పని లేకపోయింది. ఒకనాడు సంస్థానాల ప్రాంగణాలకు, కంటోన్మెంట్లకు పరిమితమైన ఆట ఉత్తరాంధ్ర పట్టణాల, పల్లెల పిల్లల సాయంత్రపు ఆటగా మారింది. టెన్నిస్ బంతి, చెక్కిన కొబ్బరి మట్ట ఉంటే చాలు, దానికి ఏ మహారాజ్‌కుమార్ అండా అవసరం లేదు.